ఏ పిల్లని జూసి రాసిండ్రు?

పోయిన మంగళవారం పొద్దున్న మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది: మూడో అంతస్తు ఆంటీ గుండెపోటుతో పోయారు. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇకమీదట ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఉత్తరం వస్తే ఎవరి తలుపు కొట్టాలి?

ఆవిడది జగిత్యాల. దోహాలో ఒక ఆస్పత్రి మందుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక అక్కడే అల్ హిలాల్ పేటలో మా పై అంతస్తులో, కొడుకు దగ్గర ఉండేవారు. ఏ వేళకు వెళ్లినా "తిన్నవా బిడ్డా?" అనే అడిగేవారు. మందుపెట్టెలో మడిచి పెట్టే కాగితాన్ని మనం వార్తాపత్రిక చదివినట్టు చివరిదాకా చదివేవారు.

మేం విజయవాడ నుంచి వచ్చేనాటికి మా అమ్మాయికి ఏడేళ్లు. కీళ్లతో పాటు కళ్ల లోపల కూడా వాపు వచ్చే జబ్బు. అక్కడ మాత్రలు వాడుతుండగానే ఎడమకంటి చూపు తగ్గింది. ఇక్కడి డాక్టరు వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు. ఇన్సూరెన్సు వాళ్లు కుదరదని ఉత్తరం పంపారు. ముందు ఆరు నెలలు మాత్రలు వాడాలట, అవి పనిచేయలేదని తేలితేనే ఇంజెక్షన్. ఇండియాలో వాడాం కదా అంటే, ఆ కాగితాలు చెల్లవన్నారు.

ఆ రోజుల్లో పొద్దున్నే పిల్ల ఎడమకన్ను మూసి, కుడికంటితో పాలడబ్బా మీది అక్షరాలు చదివించేదాన్ని. ఒక్క అక్షరం దగ్గర తడబడినా మళ్లీ మొదటినుంచి చదివించేదాన్ని.

ఆంటీ ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. "భయమైతే భయపడు బిడ్డా. గని చేతుల కాయిదం పట్టుకొని భయపడు. ఈ రూలుకు ఆధారమేందో అడుగు."

అడిగాం. మూడో ఉత్తరానికి, ఆధారమంటూ ఏదో మందుల పరిశోధన పేజీలు పంపారు. ఆవిడ రెండురోజులు వాటితోనే కూర్చున్నారు. "ఇదంత పెద్దోళ్ల మోకాళ్ల ముచ్చట. ఇందుల పిల్లలు లేరు, కండ్లు లేవు."

డాక్టరు చేత అదే రాయించి, నన్ను వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు బయలుదేరారు. లిఫ్టులో ఆవిడ ఆ కాగితాలను మూడోసారి లెక్కపెట్టుకుంటున్నారు.

"మీకూ భయమేనా ఆంటీ?"

"మరి కాదా? నేనేమన్న తప్పు మాట్లాడితే పోయేది పిల్ల కన్ను."

అధికారి మర్యాదగానే హిందీలో చెప్పాడు, రూలు అందరికీ ఒకటేనని. ఆంటీ హిందీలోనే మొదలుపెట్టి, కోపంలో తెలుగులోకి వచ్చేశారు. "ఏ పిల్లని జూసి రాసిండ్రు ఈ రూలు?"

అతను నావైపు చూశాడు. ఆ మాటను నేను హిందీలో చెప్పాను. అతను పేజీలు తిరగేసి, కంపెనీలో తమ పై డాక్టరుకు పంపిస్తానన్నాడు.

పందొమ్మిది రోజులకు అనుమతి వచ్చింది. కుడికన్ను నిలిచింది. ఎడమకంట్లో పోయిన చూపు తిరిగి రాలేదు. మిఠాయి తీసుకెళ్తే ఆంటీ ముట్టుకోలేదు. "ఇంకింత ముందుగాల అడిగితే అది గూడ దక్కుతుండెనేమో" అన్నారు.

ఆ అనుమతిని ఏటా మళ్లీ అడగాలి. వచ్చే నెలలో గడువు.

నిన్న ఆవిడ సామాన్లు సర్దడానికి వెళ్లాను. బల్ల మీద అల్ తుమామాలో ఉండే ఒక ఉబ్బసం రోగి ఫైలు తెరిచి ఉంది. ఏ ఉత్తరమైనా ముందు తెలుగులో చిత్తు రాసుకోవడం ఆవిడ అలవాటు. తెల్లకాగితం మీద ఆ గుండ్రటి చేతిరాత: "అయ్యా, ఈ మందే ముందు వాడాలని మీరంటున్నదానికి..." అక్కడ ఆగిపోయింది. పక్కన, మూత తీసిన పెన్ను.