నాన్న చెక్కిన చివరి పేజీ

నేను బందరులో డిగ్రీ చదివే రోజులు. ఇంగ్లీషు మాస్టారు ముసుగు వీరుల కథ ఉన్న లావుపాటి బొమ్మల పుస్తకం ఇచ్చి, "సినిమా కూడా వస్తోందమ్మా, ముందు ఇది చదువు" అన్నారు.

పెడనలో మా నాన్న గుడ్డల మీద అద్దే కలంకారీ అచ్చులు చెక్కేవారు. కాగితం మీది బొమ్మను చెక్కకు అంటించి, దాని మీదే ఉలి ఆడించడం ఆయన పద్ధతి. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆ పుస్తకంలోంచి చింపిన చివరి పేజీ టేకు చెక్క మీద సగం చెక్కేసి ఉంది!

"నాన్నా, అది మాస్టారిది!" అని అరిచాను.

నాన్న ఉలి కింద పెట్టేశారు. "బొమ్మ బాగుందని నీకు దుప్పటి అద్దుదామనుకున్నానే."

భయంతో, పేజీ సంగతి చెప్పకుండా, సగం కూడా చదవకుండానే పుస్తకం తిరిగిచ్చేశాను. డబ్బింగ్ సినిమా గుడివాడ రాగానే వెళ్లి, ముగింపు చూసి హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు క్లాసులో మాస్టారు కథ ఎలా ముగిసిందని అడిగితే గడగడా చెప్పాను.

"అది సినిమావాళ్లు మార్చిన ముగింపు. పుస్తకంలో ఏముంది?" అన్నారాయన.

క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను.

వారం తిరక్కుండా నాన్నే కాలేజీకి వచ్చారు. అచ్చు పూర్తిచేసి, ఆ పేజీని గుడ్డ మీద అద్ది తెచ్చారు. "తప్పయిపోయిందండీ. ఇది అంటించుకోండి" అన్నారు. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, పుస్తకంలో అంటించి, పుస్తకం నాకే ఇచ్చేశారు.

నాన్న ఇప్పుడు లేరు. కావాలంటే ఇంకో కాపీ కొని అసలు పేజీ చూడొచ్చు, నేనే చూడలేదు. ఇంగ్లీషు రాని నాన్న మాటలు వదిలేసి బొమ్మ ఒక్కటే చెక్కారు. ఆ వీరులు చివరికి ఏం మాట్లాడుకున్నారో నాకు నేటికీ తెలియదు.