కుడివైపు కొట్టుకున్న గుండె

ఆ పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆవిడని అందరూ ‘రెండుసార్లక్క’ అనేవాళ్లు. పేరడిగి, చీటీ చూసి, మళ్లీ పేరడుగుతుంది. ఆ చాదస్తం ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పిల్లాడి ఫిల్ము మీద కుడి ఎడమల గుర్తు తారుమారు చేసింది. ఛాతీలోంచి నీరు తీయడానికి సూది పట్టుకున్న డాక్టరు ఆఖరి నిమిషంలో గమనించబట్టి సరిపోయింది. ఇరవై ఆరేళ్లయినా ఆ సూది ఆవిడ కళ్లముందే ఉంది.

ఒకరోజు పొద్దున్నే బస్సు కండక్టరుగా పనిచేసే తల్లి, ఒంటి మీద యూనిఫారంతోనే, పధ్నాలుగు నెలల పాపని ఎత్తుకొచ్చింది. పాప ఛాతీలో కఫం గురగురలాడుతోంది.

“న్యుమోనియా రావడం ఇది నాలుగోసారి అక్కా. నెలలు నిండే పుట్టింది, అయినా ఐదు రోజులు ఆక్సిజన్ పెట్టారు. అప్పట్నుంచీ ముక్కు కారని రోజు లేదు.”

ఎక్స్‌రే తీసి తెర వంక చూసింది అక్క. గుండె కుడివైపుంది.

లోపలి గదిలోంచి కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. “అక్కా, బొమ్మ తిరగబడింది. సరిచేసి పంపండి.”

కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే బొమ్మ తిరుగుతుంది. అక్క వేలు మీట దాకా వెళ్లింది. తప్పు నీదేలే అని లోపల ఒకటే పోరు. కానీ నొక్కబుద్ధి కాలేదు.

“పాత ఫిల్ములున్నాయా అమ్మా?”

తల్లి సంచీలోంచి మూడు తీసింది. వేరే వేరే చోట్ల తీయించినవి. మూడింట్లోనూ గుండె ఎడమనే ఉంది. అక్కకి ప్రాణం ఉసూరుమంది. అయినా అలవాటు పోనిచ్చుకోక మళ్లీ కిటికీ దగ్గర పట్టుకు చూసింది. రెండింటి మీద ఎడమకి గుర్తుగా మూలన వేసే ‘ఎల్’ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. అంటే అక్కడివాళ్లూ తప్పు పడిందనుకుని బొమ్మని తిప్పేశారన్నమాట. మూడోదాని మీద అసలు గుర్తే లేదు.

అక్క పాప చొక్కా పైకెత్తి ఎడమ రొమ్ము కింద అరచెయ్యి ఆనించింది. ఏమీ తెలియలేదు. కుడివైపు పెట్టింది. టకటకా తగిలింది.

పరుగున డాక్టరు గదికి వెళ్లింది. “సార్, ఒక్కసారి రండి.”

“బయట ముప్ఫై మంది ఉన్నారక్కా!”

“మీరే విని చూడండి సార్. నాది తప్పైతే రేపట్నుంచి మానేస్తా.”

అతను విసుక్కుంటూనే వచ్చి స్టెతస్కోపు ఎడమ పెట్టాడు, కుడి పెట్టాడు. మళ్లీ ఎడమ పెట్టి విన్నాడు. “మీరు తిప్పలేదక్కా,” అన్నాడు చివరికి.

పాపని ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ ముక్కులోంచి సన్నటి బ్రష్షుతో కణాలు తీసి మైక్రోస్కోపులో చూసింది, జన్యు పరీక్షకి రక్తం పంపింది. “ఊపిరి దారిలో నూగులాంటివి ఆడుతూ కఫాన్ని పైకి ఊడ్చేస్తుంటాయమ్మా. మీ పాపకి అవి ఆడటం లేదేమోనని నా అనుమానం. కడుపులో ఉన్నప్పుడు గుండె ఏ పక్కకి చేరాలో చూసేవి కూడా అలాంటివే,” అంది.

ఫలితానికి ఆరు వారాలు పట్టింది. తల్లి కన్నా అక్కే ఎక్కువ కంగారు పడింది. రిపోర్టు వచ్చిందా అని రోజూ అడిగేది. వచ్చింది. అనుమానం నిజమే.

జబ్బు పూర్తిగా పోదు. కానీ రోజూ రెండుపూటలా ఉప్పునీటి ఆవిరి పట్టించి, వీపు తట్టి కఫం తీస్తే, జ్వరం ముదరకముందే మందు పడితే, ఊపిరితిత్తులు నిలబడతాయి. ఇప్పుడు పాపకి మూడున్నరేళ్లు. ఒక ఊపిరితిత్తి అడుగుభాగం అప్పటికే పాడైంది, అది తిరిగి రాదు. మిగతాది బాగుంది.

“మీరు లేకపోతే ఏమయ్యేదో అక్కా,” అంటుంది తల్లి వచ్చినప్పుడల్లా. అక్క నవ్వి ఊరుకుంటుంది. ఇన్నేళ్లలో తిరగబడిందనుకుని తన చేత్తో సరిచేసినవి ఎన్నో ఆవిడకి లెక్క తెలియదు. ఒక మధ్యాహ్నం రికార్డుల గదికి వెళ్లి పాత ఫిల్ములు అడిగింది.

“పదేళ్లు దాటినవి ఎప్పుడో పారేశాం అక్కా,” అన్నాడు గుమాస్తా. “ఏం కావాలి?”

“ఉన్నవి ఇవ్వు,” అంది అక్క, కుర్చీ లాక్కుంటూ.