కల్లంలో రక్తపింజరి, కరుణమ్మ టీచర్ గారు

మిరప కల్లాలు చూడటానికి గుంటూరు వైపు ఎప్పుడు రావాలని చాలామంది అడుగుతుంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రండి, చేలన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఈసారి నేను మాత్రం చూడటానికి వెళ్ళలేదు. ఆదివారం మధ్యాహ్నం బ్రాడీపేటలో మా ఇంట్లో అన్నం తింటుంటే కరుణమ్మ టీచర్ గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "సునీతా, మా కల్లంలో కాయ మీద కప్పిన పట్టా కిందికి పాము దూరింది. మావాళ్ళు చంపేస్తామంటున్నారు. చంపమని నేనూ అన్నాను. అన్నాక ఎందుకో నీకు చేస్తున్నాను" అన్నారు.

ఆ మాట ఆవిడ నోట వింటానని ఎప్పుడూ అనుకోలేదు. ఎనిమిదో తరగతిలో మాకు సైన్సు చెప్పింది ఆవిడే. ఒక వానాకాలం క్లాసులోకి నీరుకట్టె పాము వస్తే, కర్రలతో వచ్చినవాళ్ళకి అడ్డం నిలబడి, మమ్మల్ని బల్లలెక్కించి, దాని పొలుసులెలా ఉన్నాయో, కన్నెలా ఉందో చూసి చెప్పమన్నారు. నేను జువాలజీ చదివి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, అటవీ శాఖ అనుమతి తీసుకుని ఇళ్ళల్లో దూరిన పాముల్ని పట్టడం దాకా వచ్చానంటే ఆ పూటే మొదలు. అలాంటి టీచర్ గారి భర్తని పోయినేడు పత్తి చేలో రక్తపింజరి కరిచింది. వారం ఆసుపత్రిలో ఉండి ఆయన పోయారు. ఆ తర్వాత మేమిద్దరం పాముల ఊసెత్తలేదు.

నేను వచ్చేదాకా పట్టా కదపొద్దని చెప్పాను. నా స్కూటర్ రిపేరులో ఉంది. పాములు పట్టే కొక్కెం కర్ర, గొట్టం, గుడ్డసంచి తీసుకుని బస్టాండుకి పరుగెత్తాను. పర్చూరు వైపు వెళ్ళే బస్సు ఎక్కితే ప్రత్తిపాడుకి ముప్పావు గంట. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు ఉంటే చాలు. దారంతా కిటికీలోంచి ఆకాశాన్నే చూస్తూ కూర్చున్నాను. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. ప్రత్తిపాడులో షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక టీచర్ గారి ఊరికి నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను. "ఆ కర్రేంటి మేడం?" అన్నాడు డ్రైవరు. పాములు పట్టేదన్నాను. కాస్త దూరం పోయాక, "సంచి ఖాళీదేనా అండి?" అని అడిగాడు. ఇప్పటికి ఖాళీదేనన్నాను. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా అతను వెనక్కి తిరగలేదు.

కల్లం ఊరి చివర ఉంది. కాయ ఆరబోసి ఉంది గానీ ఒక్క మనిషి కూడా లోపల లేదు. తెల్లబారిన తాలుకాయలు ఏరే కూలీ ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మూలన పట్టా కప్పిన రాశి చుట్టూ కర్రలతో నలుగురు నిలబడ్డారు. టీచర్ గారు రేకుల షెడ్డులో, కల్లానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కూడా లేవలేదు.

వాళ్ళబ్బాయి ప్రసాదు ఎదురొచ్చాడు. "అక్కా, మబ్బు చూశావుగా. తడిస్తే కాయంతా మచ్చపడుద్ది. అది ఉండగా వీళ్ళు దిగం అంటన్నారు. తీస్తే గబగబా తియ్యి, లేకపోతే మేం చూసుకుంటాం."

"పెద్దాయన పోయింది దీనివల్లేగా అమ్మా" అంది కూలీల మేస్త్రి మరియమ్మ. "మాకూ పిల్లలున్నారు."

అందులో తప్పు పట్టడానికేం లేదు. అందర్నీ వెనక్కి జరగమని, చివర సంచి కట్టిన గొట్టం ఒక చేత్తో పట్టుకుని, కొక్కెంతో పట్టా అంచు ఎత్తాను. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. లావుపాటి రక్తపింజరి, చుట్ట చుట్టుకుని ఉంది. పట్టా ఇంకాస్త లాగేసరికి గాలి విసిరింది. మిరప దుమ్ము మొహాన కొట్టింది. కళ్ళు మూతలు పడ్డాయి, దగ్గు ఆగలేదు. కదిలితే ఎటు అడుగేస్తానో తెలీదు. కొక్కేనికి ఏదో గట్టిగా తగిలింది. పాము కొక్కేన్ని కాటు వేసిందని అర్థమైంది. గట్టు మీద ఆడవాళ్ళు లేచి పరుగెత్తిన చప్పుడు. ప్రసాదు అడుగులు దగ్గరికొచ్చాయి.

"ప్రసాదూ, కర్ర దించు." టీచర్ గారి గొంతు, షెడ్డులోంచి కాదు, నా వెనకనుంచే. "సునీతా, నువ్వు కదలకు. అది నీకు కుడిపక్క, బారెడు దూరం. నీవైపు రావట్లేదు. రాశి వైపు తిరిగింది." మాట వణుకుతోంది, అయినా ఒక్క ముక్క తప్పకుండా చెబుతున్నారు. "ఇప్పుడు ఒకడుగు వెనక్కి. గొట్టం నేలకి ఆనించు. ఇంకొంచెం కుడికి. చాలు, దాని దారిలోనే ఉంది, అక్కడే ఉంచు."

పాముకి చీకటి కన్నం కనిపిస్తే దాక్కోవడానికి దూరుతుంది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గొట్టంలో బరువు జారి, చివర కట్టిన సంచిలోకి దిగడం అరచేతికి తెలిసింది. కళ్ళు సగం తెరిచి సంచి మెలిపెట్టి ముడేశాను. అప్పటికే చినుకులు. ప్రసాదు, కూలీలు కాయ రాశికెత్తడానికి పరుగెత్తారు. సగం తడిసింది. "దాన్ని మా చేల వైపు మాత్రం వదలమాకమ్మా" అంది మరియమ్మ, తట్ట ఎత్తుకుంటూ.

షెడ్డులో టీచర్ గారు నా కళ్ళు నీళ్ళతో కడిగారు. "ఆసుపత్రిలో ఆ వారమంతా నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. చంపొద్దని పిల్లలకి చెప్పి తప్పు చేశానా అని అడుగుదామని."

మొహం తుడుచుకుని, "మళ్ళీ బడికి వెళ్తే అదే చెప్తారా టీచర్?" అన్నాను.

"చెప్తాను. కానీ ముందు ఆసుపత్రి ఎక్కడుందో చెప్తాను. పాము సంగతి ఆ తర్వాత."

నేను చేసిన ఫోన్‌కి ప్రత్తిపాడు రోడ్డు మీదకి అటవీ సిబ్బంది బండి వస్తే సంచి వాళ్ళకిచ్చాను. బస్సులో తిరిగొస్తూ ఒకటే ఆలోచన. తెలుసుకుంటే భయం పోతుందని ఇన్నేళ్ళూ మా కాలేజీ పిల్లలకి చెప్పాను. టీచర్ గారికి పాముల గురించి నాకంటే ఎక్కువే తెలుసు, భయమూ నాకంటే ఎక్కువే. ఆ భయంతోనే వచ్చి నా వెనక నిలబడ్డారు. సోమవారం క్లాసులో ఏం చెప్పాలో ఇంకా తేలలేదు గానీ, ఇన్నాళ్ళూ చెప్పినట్టు మాత్రం చెప్పలేను.

మీరు కల్లాలు చూడటానికి వస్తే ఒక్క పని చేయండి. పాము కాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో బయలుదేరే ముందే కనుక్కుని ఉంచుకోండి. ఏదైనా జరిగితే బిగించి కట్టు కట్టకుండా, గాయం కోయకుండా నేరుగా అక్కడికే వెళ్ళండి.