స్టన్ను మాస్టరు, రెండు ఎడమ చేతులు

కటింగు మాస్టరుకి ఆశ్చర్యం తెలుగులో కలగదు. కలిగితే ఇంగ్లీషులోనే కలగాలి, అదీ మోతాదును బట్టి. టీలో చక్కెర తక్కువైతే షాకవుతాడు. బొత్తానికి ఎదురుగా కాజా రాకపోతే స్టన్నవుతాడు. కొలతల్లో అంగుళం తేడా వస్తే స్టాగరవుతాడు, అప్పుడు బల్ల అంచు పట్టుకోవాలి. వీటన్నిటికీ పైన ఫ్లాబర్‌గాస్ట్ ఒకటుంది. దానికి కూలబడ్డానికో స్టూలు, గ్లాసుడు మంచినీళ్ళు కావాలి. అంత పెద్ద మాట ఇంతవరకు ఎవరిమీదా వాడలేదు. వీధి వీధంతా ఆయన్ని స్టన్ను మాస్టరనే పిలుస్తుంది.

ఒకసారి పోస్టుమాన్ ఉత్తరాన్ని తలకిందులుగా అందించాడు. "డంబ్‌ఫౌండయ్యానయ్యా! నోట మాట రావట్లేదు!" అంటూ మాస్టరు అరగంటసేపు నోరు మూయలేదు. దుకాణం వెనకగదిలోనే కాపురం. "ఆ రాని మాటేదో కాస్త మెల్లగా రానివ్వండి!" అని భార్య లోపల్నుంచి కేకేసింది.

దుకాణంలో మిషను ముందు కూర్చునేది మాస్టరు అన్న కూతురు. మూడేళ్ళుగా బొత్తాలూ కాజాలే ఆమె లోకం. ఆ వారమే మొదటిసారి బాబాయి కత్తెర చేతికిచ్చాడు.

"లాయరుగారి కోటు. కుదిరిందా, రేపట్నుంచి కటింగు బల్ల నీది. చెడిందా, మళ్ళీ బొత్తాలే."

గురువారం పొద్దున కోటుని బొమ్మకి తొడిగి చూసింది అమ్మాయి. చేతులు రెండూ ఎడమవే! ఆ నల్లగుడ్డకి ఒకవైపే నిగారింపు. కోటు చెయ్యి ఆకారంలో కత్తిరించుకున్న కాగితాన్ని తిరగెయ్యడం మరిచిపోయి రెండుసార్లూ ఒకేలా పరిచి కత్తిరించేసింది. గుడ్డ జానెడు కూడా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే లాయరుగారు గుమ్మంలోకి వచ్చారు, వెనకాలే టీ తాగొచ్చిన మాస్టరూ.

మాస్టరు ఎడమ చెయ్యి చూశాడు. ఇంకో ఎడమ చెయ్యి చూశాడు. అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఇవాళ స్టూలూ మంచినీళ్ళూ తప్పవు. ఆ కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది, తన పరువు గంగలో కలుస్తుంది.

"స్టాగరయ్యానండీ!" అని మాస్టరు బల్ల పట్టుకున్నాడు. "లాయరుగారూ, మీ కుడి భుజానికేమైంది?"

లాయరుగారు ఉలిక్కిపడ్డారు. "నా భుజానికా? ఏమైందండీ?"

"నెల కిందటి భుజం కాదిది. అర అంగుళం దిగింది! మళ్ళీ కొలవాలి. కోటు శనివారానికి ఇస్తాను."

"సోమవారం కోర్టులో నా మొదటి కేసండీ..."

"శనివారమన్నానుగా. ఈలోగా ఆ చేత్తో బరువులు మోయకండి."

లాయరుగారు కుడి భుజాన్ని ఎడమ చేత్తో జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళిపోయారు.

అదే తానులో గుడ్డ తేవడానికి మాస్టరు చెప్పులు వేసుకుంటుంటే, అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది.

"టీలో చక్కెరకే షాకవుతావు కదా బాబాయ్, రెండు ఎడమ చేతులకేం అనలేదేం?"

"నువ్వప్పటికే తెల్లమొహం వేసుకుని నిలబడ్డావు. ఇంటికి ఒకరు షాకైతే చాలే."

"చెడితే మళ్ళీ బొత్తాలే అన్నావుగా?"

"కోటు ఇంకా పూర్తే కాలేదు, చెడిందని ఎవరన్నారు? ఈసారి కాగితం తిరగెయ్యి."

శనివారం లాయరుగారు కోటు తొడుక్కుని చేతులెత్తి దించారు. కుడి చేతికి కుడిదే వచ్చింది, ఎడమకి ఎడమదే. భుజం దగ్గర ఒక్క ముడత లేదు.

"నా భుజం సర్దుకుందాండీ?" అని ఆయన భయంభయంగా అడిగారు.

మాస్టరు కుడి చెయ్యి చూశాడు, ఎడమ చెయ్యి చూశాడు, అమ్మాయిని చూశాడు. వెనక్కి తడుముకుంటూ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఫ్లాబర్‌గాస్టయ్యాను తల్లీ!"

పిన్ని లోపల్నుంచి పరుగున మంచినీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు మధ్యలోనే అందుకుని అమ్మాయి గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు చూసి మాస్టరు స్టన్నయ్యాడు.