పిడికిట్లో బొటనవేలు

భద్రాచలంలో ఒక దూరవిద్య కేంద్రంలో ఆదివారాలు పాఠం చెప్పేవాణ్ని. అడవి పల్లె నుంచి ఒకామె వచ్చేది. నేనేం చెప్పినా బొటనవేలు పిడికిట్లో ముడుచుకుని, నన్నే అనుమానంగా చూస్తూ వినేది.

గురువు బొమ్మ పెట్టుకుని విలువిద్య నేర్చిన అడవి పిల్లవాడే మన మొదటి దూరవిద్యార్థి అని ఒకసారి గొప్పగా చెప్పాను.

"మరి గా గురువు ఆఖరికి ఏమడిగిండో చెప్పరేంది సార్?" అంది.

నేను పాఠం మార్చాను.

పరీక్షనాడు హాజరుకు వేలిముద్ర మిషన్ పెట్టారు. ఆమె చూపుడువేలు చాపింది.

"బొటనవేలే పెట్టాలమ్మా," అన్నాను.

"మీరు గట్లనే అడుగుతరని నాకెర్కే," అంటూ పెట్టింది.

మిషన్ కూయగానే వేలు వెనక్కి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మొత్తం ఉందని నమ్మకం కుదిరాకే హాల్లోకి వెళ్లింది.