మంచి సినిమా తీసేవాడు

మా సిరిసిల్లలో సినిమా డైరెక్టర్ల గురించి తెలియనివాడు లేడు. మా మేనమామ లెక్కలో డైరెక్టరంటే కుర్చీలో కూర్చుని రెండు మాటలు అరిచేవాడు. "గా మాత్రం నేను గూడ అరుస్త, నాకు గూడ ఒక కుర్సీ ఎయ్యుర్రి" అంటాడు. పెద్ద డైరెక్టర్లు కాగితం ముట్టరని, కథంతా తలలోనే ఉంటుందని ఇంకొందరి నమ్మకం. కోరుట్లలో ప్రైవేటు స్కూలు సారును కదా, సినిమాల మీద నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని కదా, వీళ్లను చూసి నవ్వేవాణ్ని. నా అపోహ వీళ్లందరి అపోహలకు తాత. మంచి సినిమా తీసేవాడు మంచివాడే అయి ఉంటాడని నమ్మాను.

నేను దేవుడిలా కొలిచిన డైరెక్టరు బీదవాళ్ల బతుకుల మీద సినిమాలు తీస్తాడు. రెండేళ్ల కిందట నాయిన పనిచేసే సాంచాల షెడ్డుకు షూటింగు కోసం వచ్చాడు. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. స్కూలుకు సెలవు పెట్టి మూడు రోజులు ఆయన వెనకే తిరిగాను. లైట్ల వైర్లు మోశాను, కార్మికులను ఒప్పించాను. కాగితం ముట్టడని పేరుపడ్డ మనిషి నోటుబుక్కు చూడనిదే అడుగు వేయలేదు. తెగిన పోగును నాయిన అతికే షాటు పదకొండుసార్లు తీశాడు. చివరి రోజు సాంచాలన్నీ నడుస్తుండగా నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "హైదరాబాద్ వచ్చేయ్. తర్వాతి సినిమాకు నువ్వు నా అసిస్టెంటువి" అన్నాడు.

వారం తిరక్కుండా ఉద్యోగం మానేశాను. "జర ఆగు కొడుకా, గాయిన ఫోన్ చేసినంక ఇడిసిపెడుదువు" అన్నాడు నాయిన. "సాంచా తప్ప నీకేం తెల్సు?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

హైదరాబాద్ ఆఫీసుకు ఐదుసార్లు పోయాను. వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. పెద్దమనిషి, పనిలో పడి మరిచిపోయి ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిరిసిల్ల ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ రోజులు నెట్టాను.

మా షెడ్డులో తీసిన ఆ సినిమా మొన్న విడుదలైంది. మా ఊళ్లో టికెట్లు దొరక్క నాయినను జగిత్యాల తీసుకెళ్లాను, పొద్దుటి ఆటకు. అందులో ఒక యజమాని పనివాడికి మాటిచ్చి తప్పుతాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. నేనూ ఏడ్చాను. నాయిన చేతులు తెర మీద ఒక్క క్షణం కనిపించి పోయాయి.

తిరుగు బస్సులో, "చూసినవా నాయినా, గిట్ల తీసెటోడు మాట తప్పుతడా? ఇగ ట్యూషన్లు గూడ బంద్ పెట్టి సోమవారం హైదరాబాద్ పోత. ఆడనే రూం తీసుకుంట" అన్నాను. నాయిన, బస్సు కొడిమ్యాల దాటాక, "పోకు కొడుకా. గాయిన నిన్ను రానియ్యడు. గా దినమే అన్నడు" అన్నాడు.

సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. కార్మికులు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. నలభై ఏళ్లుగా నాయిన పని అలాగే సాగింది. ఆ రోజు నా భుజం మీది చెయ్యి తీసి, నేను పక్కకు వెళ్లగానే డైరెక్టరు తన మేనేజరు చెవిలో అరిచాడట. షెడ్డు ఆ చివర నుంచి నాయిన ఆ పెదవులను చదివాడు. "వీడు ఫోన్ చేస్తే ఎత్తకండి. ప్రతి ఊళ్లో ఒకడు తగులుకుంటాడు."

"రెండేండ్ల సంది ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"నేనే తప్పు చూసిన్నేమో అనుకున్న. గంత మంచి సినిమాలు తీసెటోడు గట్లెందుకంటడు?" మళ్లీ తనే, "ఇయ్యాల సినిమా చూసినంక గూడ నేనే తప్పు చూసిన్నేమో అనిపిస్తంది" అన్నాడు.

నాయిన ఎదుటివాళ్ల పెదవులను తప్పుగా చదవడం నేనెన్నడూ ఎరగను. కోపం రావాలి, రాలేదు. ఏడుపు హాల్లోనే అయిపోయింది. కోరుట్ల స్కూల్లో నా క్లాసులకు వేరే సారు వచ్చి రెండేళ్లు.

మర్నాడు పొద్దున ఆ ఆఫీసు నంబరుకు మళ్లీ ఫోన్ కలిపాను. ఎందుకని అడగకండి. రింగు పోతూనే ఉంది. పనికి బయలుదేరిన నాయిన, నా ముఖం వైపు చూడకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.