అత్తయ్య మెచ్చిన ఎర్ర వైన్

నేను పనిచేసే బ్యాంకువాళ్లు పెద్ద ఖాతాదారుల కోసం వైన్ విందు పెట్టారు. ఫ్రాన్స్‌లో బాగా పేరున్న ఒక ద్రాక్షతోట యజమానురాలు తన ఎర్ర వైన్‌తో స్వయంగా వస్తోందట. సిబ్బంది కూడా వెంట ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. మావారికి ఆ రోజు షిఫ్టు. గుంటూరు నుంచి ఈ పరాయి దేశానికి వచ్చి మా టాంపినీస్ ఫ్లాట్‌లో విసుగ్గా కూర్చున్న అత్తయ్యను బయల్దేరదీశాను.

"నేను తాగను సుమా," అంది దారిలో.

"తాగక్కర్లేదు అత్తయ్యా, కూర్చుంటే చాలు."

తెల్లజుట్టు యజమానురాలు సరిగ్గా అత్తయ్య పక్కనే కూర్చుంది. తమది గులకరాళ్ల నేల అనీ, తీగలకు నీళ్లు పెట్టరనీ, నీటి కోసం వేళ్లే లోతుకు దిగాలనీ, బోలెడు గుత్తుల్ని పచ్చిగా ఉండగానే కోసి పారేస్తారనీ చెప్పింది. నేను ఒక్కో మాటా తెలుగులో అందించాను.

"నీళ్లివ్వకుండా ఎండగట్టి, కాయలు పారేసి, పైగా గొప్పలా?" అంది అత్తయ్య, నవ్వు చెదరకుండా.

"చాలా ఆశ్చర్యపోతున్నారు," అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ మురిసిపోయి, కనీసం వాసనైనా చూడమని గ్లాసు అందించింది. అత్తయ్య గ్లాసులో ముక్కుపెట్టి కళ్లు మూసుకుంది. బల్ల చుట్టూ అందరూ అటే తిరిగారు.

"బీరువాలో దాచిన పట్టుచీర. కాస్త లవంగం. వాన పడ్డ మట్టి."

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. యజమానురాలు అత్తయ్య చెయ్యి పట్టేసుకుంది. ఎదురుగా ఉన్న చైనీస్ పెద్దాయన గ్లాసు తిప్పి, మళ్లీ వాసన చూసి, "కరెక్ట్ లా! సిల్క్!" అన్నాడు ఇక్కడి యాసలో. ఆ తర్వాత మా బల్ల దగ్గర అందరికీ పట్టుచీర వాసనే తగిలింది.

తిరిగొస్తూ ట్రైన్‌లో అడిగాను. "నిజంగా అంత తెలిసిందా అత్తయ్యా?"

"నా మొహం! ఈ ఏసీలకి వచ్చిన్నాటి నుంచీ జలుబేగా. పాపం, ఆవిడ అంత ఆశగా చూస్తుంటే ఏదో ఒకటి అనొద్దూ?"

ఆ వారంలోనే అత్తయ్యకు కానుకగా ఆవిడ పంపిన సీసా ఒకటి ఆఫీసుకు వచ్చింది. ఇంటికి తేగానే మావారు మూత తీసేవరకూ ఆగలేకపోయారు.

"అది నాకిచ్చింది. నా ఎదురుగానే తాగాలి, ఒక్క గ్లాసే," అని అత్తయ్య షరతు పెట్టింది. ఆయన తాగుతుంటే కాసేపు చూసి, నన్ను చెంచా తెమ్మంది. చెంచాడు నోట్లో పోసుకుని మొహమంతా ముడుచుకుంది.

"ఛీ! కాకరకాయ రసం నయం."

మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని, చెంచా మళ్లీ కొడుకు ముందుకు చాపింది.

"ఏదీ, ఇంకొంచెం పొయ్యరా. ఇందాకటిది సరిగ్గా తెలియలేదు."